ఎత్తు మార్చుకునే బార్ స్టూళ్లు: మన ఇంటికి తగినవి ఎంచుకుని ఏళ్ల తరబడి నిలుపుకోవడం ఎలా?

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా కొత్తగా కడుతున్న ఇళ్లలో వంటగదికీ హాలుకూ మధ్య నిలువు గోడ లేపడం తగ్గింది. ఆ చోట నడుము ఎత్తున గట్టు కట్టి, పైన చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైటు పరిచి, దాని ముందు రెండు మూడు ఎత్తు స్టూళ్లు వేసుకుంటున్నారు. పొద్దున్నే కారం దోసె పెనం మీది నుంచి నేరుగా పళ్లెంలోకి వచ్చేది అక్కడే. పిల్లలు హోంవర్కు ముందేసుకునేది, ఇంటికొచ్చిన చుట్టాలు వంట చేస్తున్న వాళ్లతో కబుర్లు చెప్పేది కూడా అక్కడే. ఇంత వాడకం ఉన్న వస్తువును చాలామంది సీటు రంగు, వెన్ను ఆకారం చూసి అరగంటలో కొనేస్తున్నారు.

అంతకంటే ముందు చూడవలసినవి రెండున్నాయి. ఒకటి, స్టూలును పూర్తిగా దించితే సీటు ఎంత ఎత్తులో ఆగుతుందన్నది. రెండు, నేలకు ఆనే గుండ్రటి పళ్లేన్ని ఏ లోహంతో చేశారన్నది. మొదటిది చూసుకోకపోతే మోకాళ్లు గట్టు కింద పట్టవు. రెండోది చూసుకోకపోతే తీరపు ఉప్పుగాలికి స్టూలు అడుగు నుంచి తుప్పు తినేస్తుంది. ఈ రెండూ కుదిరితే మిగతావన్నీ సర్దుకోవచ్చు.

ముందు గట్టును కొలవండి

దుకాణానికి బయలుదేరకముందే టేపు తీసుకుని గట్టు దగ్గరకు వెళ్లండి. మూడు కొలతలు రాసుకోవాలి: నేల నుంచి గ్రానైటు పైభాగానికి ఎత్తు, నేల నుంచి గ్రానైటు అంచు అడుగుకు ఎత్తు, కింది గోడను దాటి గ్రానైటు ముందుకు వచ్చిన మేర.

మన ఇళ్లలో నిలబడి వంట చేసుకునే గట్టు సాధారణంగా 32 నుంచి 34 అంగుళాలు ఉంటుంది. కూర్చుని తినడానికని విడిగా కట్టిన కౌంటరు అయితే 36 అంగుళాలు, హాలు వైపు మరికాస్త లేపి కట్టినదైతే 40 నుంచి 42 అంగుళాలు. సీటు పైభాగానికీ గట్టు పైభాగానికీ మధ్య 10 నుంచి 12 అంగుళాల తేడా ఉంటే మోచేయి సుఖంగా ఆనుతుంది, ముద్ద కలుపుకోవడానికి భుజాలు ఎత్తాల్సిన పని ఉండదు. ఆ లెక్కన 36 అంగుళాల గట్టుకు 24 నుంచి 26, 42 అంగుళాల గట్టుకు 30 నుంచి 32 అంగుళాల ఎత్తులో సీటు ఉండాలి. మామూలు వంటగట్టు 33 అంగుళాలు అనుకుంటే 21 నుంచి 23 అంగుళాలు సరిపోతుంది.

చిక్కంతా ఈ చివరి లెక్కలోనే ఉంది. బజారులో దొరికే స్టూళ్లు చాలావరకు 24 అంగుళాల దగ్గర మొదలై 32 అంగుళాల దాకా లేస్తాయి. 33 అంగుళాల గట్టు ముందు అలాంటి స్టూలును పూర్తిగా దించినా సీటు ఇంకా ఎత్తుగానే ఉంటుంది. పైగా గ్రానైటు అంచు మందంగా కనిపించాలని రెండో పట్టీ అతికించి మోల్డింగ్ చేయిస్తారు. దాంతో అంచు ఒకటిన్నర అంగుళం మందానికి వస్తుంది. 33లో అది తీసేస్తే 31న్నర, అందులో సీటు ఎత్తు 24 తీసేస్తే మిగిలేది ఏడున్నర అంగుళాల సందు. పెద్దవాళ్ల తొడ దూరి కాస్త కదలాలంటే కనీసం 8 అంగుళాలు కావాలి. సందు చాలకపోతే మనిషి పక్కకు తిరిగి కూర్చుంటాడు, నడుము మెలిపడుతుంది, కొన్నాళ్లకు ఆ స్టూలు విడిచిన బట్టలు పడేయడానికి మాత్రమే పనికొస్తుంది. అందుకే దుకాణంలో మీ మొదటి ప్రశ్న ‘పూర్తిగా దించితే సీటు ఎంత ఎత్తులో ఉంటుంది?’ అన్నదే కావాలి. సీటును లేపి దించే గొట్టం, అంటే సిలిండరు, పొట్టిది బిగించి, 20, 21 అంగుళాల దాకా దిగే రకాలు కూడా ఉన్నాయి. ఎదురుగా పెట్టకపోయినా అడిగితే తెప్పించే దుకాణాలున్నాయి.

ఇక మూడో కొలత. మోకాళ్లు గోడకు తగలకుండా ఉండాలంటే గ్రానైటు 10 నుంచి 12 అంగుళాలు ముందుకు రావాలి. గోడతో సమానంగా కోసేసిన గట్టు ముందు ఎంత ఖరీదైన స్టూలు వేసినా సుఖం ఉండదు. ఇల్లు ఇంకా కడుతున్న దశలో ఉంటే ఈ సంగతి మేస్త్రీకి ఇప్పుడే చెప్పండి. 20 మిల్లీమీటర్ల గ్రానైటు పలక చదరపు అడుగుకు ఐదు కిలోలకు పైనే తూగుతుంది. ఆరు అంగుళాలకు మించి గాలిలోకి వదిలితే కింద స్టీలు బ్రాకెట్లు తప్పకుండా వేయించాలి. స్టూలు దిగేటప్పుడు అందరూ చేతులు ఆనించి బరువు వేసేది ఆ అంచు మీదనే.

ఎన్ని స్టూళ్లు పడతాయో కూడా అప్పుడే తేల్చుకోండి. ఒక సీటు మధ్య నుంచి పక్క సీటు మధ్యకు 24 అంగుళాలు వదలాలి. చేతులున్న, గుండ్రంగా తిరిగే రకమైతే 28 అంగుళాలు. ఐదడుగుల గట్టుకు రెండు స్టూళ్లే హాయి. మూడోది ఇరికిస్తే మూడూ ఇరుకవుతాయి.

ఎవరు కూర్చుంటారో ఆలోచించండి

మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలు, తాతయ్యలు ఎత్తు స్టూలు ఎక్కాలని ఆశించకండి. ఎక్కడం కంటే దిగడం కష్టం వాళ్లకు. తిరిగే సీటు దిగేటప్పుడు పక్కకు జారుతుంది కూడా. వాళ్ల కోసం గట్టు పక్కనే ఒక మామూలు కుర్చీ, చిన్న బల్ల ఉంచండి. చిన్న పిల్లలున్న ఇంట్లో స్టూళ్లను పొయ్యికి, కిటికీకి దూరంగా ఉన్న వైపే వేయాలి. పిల్లలు స్టూలు చూడగానే ఎక్కడానికే చూస్తారు, పైకి ఎక్కాక చేతికి అందేవి అన్నీ వేడి గిన్నెలే అయితే ప్రమాదం.

కాళ్లు పెట్టుకునే రింగును చాలామంది అలంకారం అనుకుంటారు. కాళ్లు గాలిలో వేలాడితే తొడ అడుగు భాగం సీటు అంచుకు నొక్కుకుని తిమ్మిరి ఎక్కుతుంది. సీటుకూ రింగుకూ మధ్య 16 నుంచి 18 అంగుళాలు ఉంటే సరిపోతుంది. కొన్ని స్టూళ్లలో రింగు సీటుతో పాటే పైకీ కిందికీ కదులుతుంది, మరికొన్నింట్లో కింది గొట్టానికే బిగించి ఉంటుంది. రెండో రకంలో సీటు పైకి లేపిన కొద్దీ రింగు కాళ్లకు దూరమవుతుంది. కాబట్టి మీ గట్టుకు కావలసిన ఎత్తులో సీటును ఆపి, ఇంట్లో అందరికంటే పొట్టిగా ఉన్న వాళ్లను కూర్చోబెట్టి చూడండి. వాళ్ల పాదాలు రింగు మీద పూర్తిగా ఆనితే ఆ స్టూలు మీ ఇంటికి సరిపోయినట్టే.

చీరకట్టుతో కూర్చునే వాళ్లున్నప్పుడు సీటు కింద ఎత్తు మార్చే పిడి ఎటు వైపు, ఎంత పొడుగు బయటికి వచ్చిందో గమనించండి. కొంగు, చున్నీ చిక్కుకునేది అక్కడే. పిడి కొసకు గుండ్రటి ప్లాస్టిక్ తొడుగు ఉన్నదాన్నే తీసుకోండి.

ఎత్తు మార్చే పద్ధతులు మూడు

ఎక్కువగా కనిపించేది గ్యాస్ లిఫ్ట్. దుకాణాల్లో దీన్నే హైడ్రాలిక్ అంటారు. ఉక్కు గొట్టంలో నైట్రోజన్ వాయువును అధిక పీడనంతో నింపి మూసేస్తారు. పిడి ఎత్తితే లోపలి కవాటం తెరుచుకుంటుంది. మీరు కూర్చుని ఉంటే మీ బరువుకు సీటు దిగుతుంది, లేచి నిలబడితే వాయువు ఒత్తిడికి పైకి వస్తుంది. పిడి వదిలితే కవాటం మూసుకుని సీటు అక్కడే ఆగుతుంది. వాడకానికి ఇంత సులువైనది ఇంకొకటి లేదు. కాకపోతే లోపలి రబ్బరు సీలు అరిగిన రోజున దాన్ని విప్పి బాగుచేసే వీలుండదు, సిలిండరునే మార్చాలి. సిలిండర్లలో క్లాస్ 2, 3, 4 అని రకాలున్నాయి. అంకె పెరిగిన కొద్దీ గొట్టం దృఢంగా ఉంటుంది. ఇంట్లో బరువైన మనుషులుంటే క్లాస్ 3 కంటే తక్కువది తీసుకోకండి. ఆ వివరం సిలిండరు మీద చెక్కి గానీ స్టిక్కరు అతికించి గానీ ఉంటుంది.

రెండోది మర పద్ధతి. సీటు కింద లావుపాటి మరచుట్టు కడ్డీ ఉంటుంది, సీటును తిప్పితే ఎత్తు మారుతుంది. మెల్లగా మారుతుంది, కూర్చుని ఉండగా మార్చలేం. కానీ పాడయ్యేది ఏమీ ఉండదు. ఏడాదికి ఒకసారి గ్రీజు రాస్తే చాలు. ఒకసారి సరైన ఎత్తు పెట్టుకుని ఆ తర్వాత పెద్దగా మార్చని ఇంటికి నా సలహా ఇదే. మన ఊళ్లలో మంచి వెల్డింగు షాపు, చేయి తిరిగిన వడ్రంగి ఉంటే టేకు చెక్క సీటుతో, మీ గట్టు కొలతకు సరిగ్గా సరిపోయేలా చేయించుకోవచ్చు. 33 అంగుళాల గట్టున్న వాళ్లకు దుకాణాల్లో దొరకని కొలత ఇలా సులువుగా కుదురుతుంది.

మూడోది గొట్టానికి వరసగా రంధ్రాలు పెట్టి, కావలసిన చోట పిన్ను దూర్చే రకం. గట్టిదే. అయితే పిన్ను పోతే స్టూలు పనికిరాదు. పిల్లలున్న ఇంట్లో వద్దు.

స్టూలును తిరగేసి చూడండి

దుకాణంలో అందరూ కూర్చుని చూస్తారు. మీరు కూర్చోకముందు దాన్ని పక్కకు పడుకోబెట్టి అడుగు చూడండి. పైన అద్దంలా మెరిసే పళ్లెం లోపలి వైపు ఎలా ఉందో అక్కడ తెలుస్తుంది. చవక రకాల్లో మెరుపు పైకి కనిపించే మేరకే ఉంటుంది. పళ్లెం అంచు లోపలికి మడిచిన చోట పూత పల్చబడి, బూడిద రంగు ఇనుము బయటపడి ఉంటుంది. సిలిండరు దిగే గొట్టాన్ని వెల్డింగు చేసిన చోట చుట్టూ నల్లటి మసి మరక, దాని మీద ఒక చేయి నల్ల రంగు. దుకాణంలో ఉండగానే ఆ వెల్డింగు గీత వెంట ఎర్రటి పొడి కనిపిస్తే ఆ స్టూలును అక్కడే వదిలేయండి. మంచి రకంలో లోపలి వైపు కూడా సమానంగా పూత ఉంటుంది, వెల్డింగు నున్నగా అరగదీసి ఉంటుంది, అంచు పొడవునా విడిపోని రబ్బరు పట్టీ ఉంటుంది.

నెల్లూరు, ఒంగోలు వైపు ఇంత పట్టింపు ఎందుకంటే, మనకు తూర్పున అంతా సముద్రమే. మైపాడు, రామాయపట్నం, కొత్తపట్నం వైపు ఊళ్లలో గాలిలోని ఉప్పు ఇనుము మీద పలుచటి పొరలా చేరుతుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను లాక్కుని ఇనుమును ఎప్పుడూ తడిగా ఉంచుతుంది. అద్దంలా మెరిసే ఆ క్రోమ్ పూతలో కంటికి కనిపించని సన్నటి రంధ్రాలుంటాయి. తేమ ఆ దారిన లోపలికి వెళ్లి, పూత కింద తుప్పు పుట్టించి, పూతను పొక్కులుగా లేపుతుంది. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు చుట్టుపక్కల రొయ్యల చెరువులకు దగ్గరగా ఇల్లున్న వాళ్లకు తేమ ఇంకా ఎక్కువ. ఒక మోటు లెక్క చెబుతాను: మీ ఇల్లు చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారికి తూర్పున ఉంటే క్రోమ్ పూత వేసిన ఇనుప స్టూలు జోలికి వెళ్లకండి. స్టెయిన్‌లెస్ స్టీలు గానీ, దళసరిగా పౌడర్ కోటింగ్ (పొడి రంగును వేడితో కరిగించి పట్టించే పూత) వేసినది గానీ, కొయ్య కాళ్లదిగానీ తీసుకోండి. రహదారికి పడమర, అందులోనూ పొదిలి, దర్శి, కనిగిరి వైపైతే క్రోమ్ నిశ్చింతగా వాడుకోవచ్చు. అక్కడి బాధ వేరే, దాని సంగతి కింద చెబుతాను.

స్టెయిన్‌లెస్ స్టీలేనా కాదా అని తేల్చుకోవడానికి జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లండి. క్రోమ్ పూత ఇనుముకు టక్కున అంటుకుంటుంది. 304 రకం స్టీలుకు అంటుకోదు, వంచిన చోట్ల మాత్రం కాస్త లాగినట్టు అనిపించవచ్చు. అయితే చవకైన 200 శ్రేణి స్టీలుకు కూడా అయస్కాంతం అంటుకోదు, ఉప్పుగాలికి అది 304 అంత నిలవదు. కాబట్టి అయస్కాంతం పరీక్షతో సగం పనే అవుతుంది. మిగతా సగానికి బిల్లు మీద 304 అని రాయించుకోవాలి. రాయడానికి వెనకాడితే అనుమానించాల్సిందే. సముద్రపు ఒడ్డునే ఇల్లున్న వాళ్లకు 316 రకం ఇంకా మేలు. అందులో మాలిబ్డినం అనే లోహం కలుస్తుంది కాబట్టి ఉప్పుకు బాగా తట్టుకుంటుంది. ఖరీదు ఎక్కువ, దొరకడమూ కష్టం.

పళ్లెం వెడల్పు చూడటం మరవకండి. సీటు 30 అంగుళాల ఎత్తుకు లేచే స్టూలుకు పళ్లెం అడ్డంగా కనీసం 16 అంగుళాలు ఉండాలి, చేత్తో ఎత్తితే బరువు తెలియాలి. తేలికగా లేచే స్టూలు మనిషి పక్కకు వంగినప్పుడు తేలికగానే ఒరుగుతుంది. ఇంట్లో మార్కాపురం పలకలు గానీ కడప బండలు గానీ పరిచి ఉంటే, గుండ్రటి పళ్లెం ఎగుడుదిగుడు నేల మీద ఊగుతుంది. అలాంటి నేలకు విడివిడి కాళ్లు, కాళ్ల కింద మర తిప్పి సరిచేసే బుడిపెలు ఉన్న రకం తీసుకోండి.

సీటు

మన ఎండకు, తేమకు అన్నిటికంటే ముందు ఓడిపోయేది పీయూ తోలు, అంటే పాలీయురేథేన్ పూత వేసిన కృత్రిమ తోలు. చేతికి మెత్తగా, అసలు తోలులా ఉంటుంది. గాలిలోని తేమకు దాని పై పొర రసాయనికంగా విడిపోయి, పొట్టు పొట్టుగా రాలుతుంది. కూర్చుని లేచిన వాళ్ల బట్టలకు నల్లటి తునకలు అంటుకుంటాయి. ఒకసారి మొదలైతే ఏ పూతా దాన్ని ఆపదు. దాని బదులు మందపాటి రెక్సిన్ తీసుకోండి. ఎండాకాలంలో ఒంటికి అంటుకుంటుందన్న మాట నిజమే, కానీ తేమకు చెడదు, మరక పడినా తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. అంటుకునే బాధకు పైన నూలు గుడ్డ తొడుగు కుట్టించండి, విప్పి ఉతుక్కునేలా అడుగున నాడా పెట్టించండి. కుట్టు పనికి మనకు కొదవ లేదు.

నూలు తొడుగు వల్ల ఇంకో లాభం కూడా ఉంది. చేపల పులుసు తినే ఇళ్లు మనవి. పులుసు చుక్క పడితే వెంటనే అద్ది తీసి, సబ్బుతో ఉతికి, ఎండలో ఆరేయండి. పసుపు మరక సూర్యకాంతికి వెలిసిపోతుంది, రెండు మూడు ఎండలకు చాలావరకు పోతుంది. సీటుకే శాశ్వతంగా కుట్టేసిన గుడ్డకు ఆ వీలు లేదు.

లోపలి స్పాంజి 32 డెన్సిటీకి (ఘనపు మీటరుకు 32 కిలోలు) తక్కువ కాకూడదు. బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలితే వెంటనే పైకి రావాలి, అడుగు చెక్క తగలకూడదు. మెత్తటి సీటు మనిషి కూర్చోగానే అంగుళం పైనే దిగుతుంది కాబట్టి, ఎత్తు కొలిచేటప్పుడు కూర్చున్నాక కొలవండి.

కొనే ముందు చివరి పరీక్ష

కావలసిన ఎత్తులో సీటు ఆపి ఐదు నిమిషాలు కూర్చోండి. ఆ ఐదు నిమిషాల్లో సీటు మెల్లగా దిగితే సిలిండరు మంచిది కాదు. పూర్తిగా ఒక చుట్టు తిరగండి, గరగరమని శబ్దం రాకూడదు. ముందుకు వంగి గట్టు మీది గ్లాసు అందుకుంటున్నట్టు చేయి చాపండి, పళ్లెం వెనక అంచు నేలను వదలకూడదు. ఎంత బరువు మోస్తుందో రాతలో చూపించమనండి. సాధారణ కుర్చీలకు, స్టూళ్లకు మన దేశంలో ఐఎస్ 17632 అనే ప్రమాణం ఉంది, ఆ గుర్తు ఉన్నదాన్ని ఎంచుకోవడం మంచిది. సిలిండరు విడిగా దొరుకుతుందా అని కూడా అడగండి. దొరకదని చెబితే మరో స్టూలు చూడండి. ఆన్‌లైన్‌లో తెప్పించేవాళ్లు బొమ్మను నమ్మకుండా కనిష్ఠ ఎత్తు, పళ్లెం వెడల్పు, బరువు అనే మూడు అంకెలు చదివి, అవి లేని వస్తువును పక్కన పెట్టాలి.

బిగించేటప్పుడు

పెట్టెలో విడి భాగాలుగా వచ్చే స్టూలును బిగించడానికి అరగంట చాలు. సిలిండరు కింది కొస, పళ్లెంలోని గొట్టం రెండూ కాస్త ఏటవాలుగా ఉండి ఒకదానిలో ఒకటి బిగుసుకుంటాయి. అక్కడ నూనె, గ్రీజు రాయకూడదు. రెండింటినీ పొడి గుడ్డతో తుడిచి దించాలి. కాళ్ల రింగు, తొడుగులు సిలిండరుకు ముందే ఎక్కించుకోండి, తర్వాత పట్టవు. సీటు కింద ఇనుప పలకకు నాలుగు బోల్టులు ఉంటాయి. నాలుగింటినీ ముందు చేత్తో సగం దాకా తిప్పి, ఆ తర్వాత ఎదురెదురుగా ఉన్నవాటిని జతగా బిగించండి. ఒకదాన్ని ముందే పూర్తిగా బిగిస్తే మిగతా మూడూ వంకరగా దిగి చెక్కలోని మరలు చెడతాయి. ప్రతి బోల్టుకూ స్ప్రింగు వాషరు ఉందో లేదో చూసుకోండి. అంతా అయ్యాక సీటు మీద గట్టిగా ఒకసారి కూర్చుంటే సిలిండరు తన చోట బిగుసుకుంటుంది.

రోజూ, నెలకూ, వానాకాలంలోనూ

మన ఇళ్లలో నేలను రోజూ తడిగుడ్డతో తుడుస్తాం. స్టూలు పాడవడానికి ఉప్పుగాలి తర్వాత పెద్ద కారణం ఇదే. తుడుపు కర్ర పళ్లెం చుట్టూ తిరుగుతుంది, నీళ్లు రబ్బరు పట్టీ కిందికి చేరి అక్కడే ఉండిపోతాయి. ఒక రోజు స్టూలును జరిపితే టైలు మీద ఎర్రటి వలయం కనిపిస్తుంది. దీనికి మందు తేలిక. నేల తుడిచే ముందు స్టూళ్లను హాల్లోకి జరపండి, నేల పూర్తిగా ఆరాకే తిరిగి వేయండి. పనిమనిషి ఉంటే ఆమెకు కారణం కూడా చెప్పండి. కారణం తెలిస్తే ఎవరైనా జాగ్రత్తగానే చేస్తారు. వలయం పడిపోయిన టైలు మీద నిమ్మకాయ చెక్క రుద్ది, పది నిమిషాలు ఉంచి, కడిగేయండి. పొదలకూరు నిమ్మకాయలు మనకు అందుబాటులో ఉన్నవే. విట్రిఫైడ్ టైలుకు ఇది ఏ హానీ చేయదు. పాలరాయి మీద, కడప బండల మీద మాత్రం నిమ్మరసం వాడకండి, పులుపుకు రాయి మెరుపు పోతుంది.

వారానికొకసారి పళ్లెం, గొట్టం, రింగు తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరేదాకా తుడవండి. తీరప్రాంతంలో రెండు రోజులకొకసారి తుడవాలి, ఉప్పు నీళ్లలో కరిగిపోతుంది కాబట్టి తడిగుడ్డే సరైన మందు. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. అవి ఆరితే మెరుపు మీద తెల్లటి చుక్కలు నిలిచిపోతాయి. అక్కడి వాళ్లు స్టూలు తుడవడానికి తాగే ప్యూరిఫైయరు నీళ్లు అరగ్లాసు వాడితే చాలు. పడిపోయిన చుక్కలకు నీళ్లు కలిపిన వెనిగరు గుడ్డకు అద్ది తుడిచి, మంచి నీళ్లతో మళ్లీ తుడవాలి.

బాత్‌రూము కడిగే యాసిడ్‌ను స్టూలు దరిదాపులకు కూడా రానివ్వకండి. తుడవకపోయినా సరే, దాని ఆవిరి తగిలినా క్రోమ్ నల్లబడుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలు మీద సూదిమొన గుంటలు పడతాయి. బ్లీచింగు కలిసిన ద్రవాలు కూడా అంతే. ఇనుప పీచు గీతలు పెడుతుంది, ఆ గీతల్లోంచే తుప్పు మొదలవుతుంది.

క్రోమ్ మీద చిన్న చిన్న తుప్పు చుక్కలు కనిపిస్తే భయపడకండి. వంటింట్లో చపాతీలు చుట్టే అల్యూమినియం రేకును అరచేయంత చింపి, నలిపి, నీళ్లలో ముంచి, చుక్క మీద మెల్లగా రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన, అందుకే పూతను గీయదు, తుప్పును మాత్రం లాగేస్తుంది. నల్లటి నీళ్లు దిగుతాయి. తుడిచి, ఆరాక కారుకు వాడే మైనం పలుచగా రాసి మెరుగుపెట్టండి. ఆ మైనం పొర మూడు నాలుగు నెలలు తేమను ఆపుతుంది. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. కాబట్టి సెప్టెంబరు ఆఖరులో స్టూలును తిరగేసి, పళ్లెం లోపలి వైపు తుడిచి, ఇనుము బయటపడిన చోట ఎర్ర ప్రైమరు, పైన ఎనామిల్ రంగు వేయించండి. ఈ ఒక్క పని చేసినా స్టూలు ఆయుష్షు బాగా పెరుగుతుంది. తుఫాను రోజుల్లో కిటికీ పక్కన స్టూలు ఉంచకండి.

నెలకొకసారి సీటు కింది నాలుగు బోల్టులను అలెన్ కీతో (ఆరు పలకల ఎల్ ఆకారపు తాళపు కడ్డీ) సరిచూడండి. తిరిగే సీటుకు బోల్టులు వాటంతట అవే వదులవుతాయి. కిర్రుమంటుంటే ముందు బోల్టులు బిగించి చూడండి. శబ్దం ఆగకపోతే సీటు తిరిగే చోట ఒక చుక్క గ్రీజు పెట్టండి. కొబ్బరి నూనె వద్దు, అది దుమ్ము పట్టి గడ్డకడుతుంది. సిలిండరు లోపలి నున్నటి కడ్డీకి ఏమీ రాయనక్కర్లేదు, దుమ్ము తుడిస్తే చాలు.

సీటు దానంతట అదే దిగిపోతుంటే

మీరు కూర్చోగానే సీటు మెల్లగా కిందికి దిగుతోందంటే సిలిండరులోని సీలు వదిలేసింది. స్టూలంతా పారేయాల్సిన పని లేదు. కొత్త సిలిండరు వచ్చేదాకా ఇలా నడిపించండి: సీటును కావలసిన ఎత్తుకు లేపి, బయటపడిన కడ్డీ పొడవు కొలిచి, అంతే పొడవున పీవీసీ పైపు ముక్క కోసి, నిలువునా ఒక చీలిక పెట్టి కడ్డీకి తొడగండి. సీటు ఆ పైపు మీద ఆగుతుంది. ఎత్తు మార్చుకునే వీలు పోతుంది గానీ కూర్చోవచ్చు.

సిలిండరు మార్చడానికి ముందు సీటు కింది బోల్టులు విప్పి సీటు తీసేయండి. స్టూలును తలకిందులు చేసి, పళ్లెం మధ్య గొట్టం చుట్టూ రబ్బరు సుత్తితో తిప్పుతూ తట్టండి. ఏటవాలు బిగుతు ఒక్కసారిగా వదిలి సిలిండరు ఊడివస్తుంది. మొండికేస్తే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా ఉంచి పొద్దున్నే మళ్లీ తట్టండి. ఊడిన సిలిండరు మొత్తం పొడవు, పైకొస కిందికొసల వ్యాసం, కడ్డీ బయటికి వచ్చే పొడవు కొలిచి రాసుకోండి. పాతదాన్నే చేతిలో పట్టుకుని ఆఫీసు కుర్చీలు బాగుచేసే దుకాణానికి వెళ్లడం ఇంకా మంచిది. ఆఫీసు కుర్చీల్లో పైకొస సాధారణంగా 28 మిల్లీమీటర్లు, కిందిది 50 మిల్లీమీటర్లు ఉంటుంది. బార్ స్టూలు సిలిండరు పొడవు వేరు, కిందికొస కూడా కొన్నిటిలో వేరుగా ఉంటుంది, కాబట్టి కళ్లతో పోల్చి తెచ్చుకోవాలి. మీ గట్టు 33 అంగుళాలదై, పాత స్టూలు ఎత్తు ఎక్కువై ఇబ్బంది పడుతున్నారనుకోండి. రెండు మూడు అంగుళాలు పొట్టి సిలిండరు అడగడానికి ఇదే అదను.

పాత సిలిండరును ఎట్టి పరిస్థితిలోనూ కోయకండి, డ్రిల్లు పెట్టకండి, మంట దగ్గర పెట్టకండి. సీలు పాడైనా లోపల పీడనం ఇంకా మిగిలే ఉంటుంది. పాత ఇనుప సామాను కొనే మనిషికి ఇచ్చేటప్పుడు మిగతా తుక్కులో కలిపేయకుండా దాన్ని విడిగా చేతికిచ్చి, ఇది గ్యాసు నింపిన సిలిండరు, గ్యాస్ కట్టరు తగిలితే పేలుతుంది అని నోటితో చెప్పి ఇవ్వండి.